మా ఉప్పు, మన ఉప్పు

చైత్ర శుద్ధ విదియ

బడికి పొద్దున్నే గంజి పోశాను. గంజి అంటే నిజం గంజి కాదు. చక్కెరా లవణాలూ కలిపిన గులాబి రంగు నీళ్ళు. మేమందరం గంజి అనే అంటాం. అద్దాల పెట్టె అంచులకు పట్టిన పాకుడు గీకాను. ఈ పూట అల పెద్దదిగా ఉంది, పేట మొత్తం ఒక పక్కకి ఒరిగి మళ్ళీ నిదానంగా లేస్తోంది. కొత్తవాళ్ళు తేలుపేట అనగానే కాళ్ళు పైకి ఎత్తుకుంటారు. నీళ్ళ మీద తేలే పేట కాబట్టి తేలుపేట. ఇక్కడ తేళ్ళు లేవు, డాక్టరు వరహాలమ్మ నాలుక ఒక్కటి తప్ప.

జరిగినదంతా రాసి పెట్టమని ఆవిడే హుకుం వేసింది. నాకు రాయడం కంటే మాట్లాడటం బాగా వచ్చు. మాట్లాడినట్టే రాస్తాను, నచ్చకపోతే ఆవిడే దిద్దుకుంటుంది.

పలకా బలపం లేని బడి ఇది. నా చిటికెనవేలి గోరంత మాంసం ముక్క. దాన్ని బాలగ్రంథి అంటారు. పుట్టిన ప్రతి మనిషికీ గుండె పైన ఒకటి ఉంటుంది, వయసొచ్చేకొద్దీ కొవ్వుగా మారి ఎండిపోతుంది. ఒంటికి కాపలా కాసే టి కణాలు చదువుకునేది అందులోనే. వాటి చదువల్లా ఒక్కటే: ఏది సొంతం, ఏది పరాయి. పెట్టెలో ఉన్న ఈ ముక్క నా కోడలు సుక్రిది, ఆమె కణాల నుంచే పెంచాను.

తేలుపేటలో పుట్టినవాళ్ళకి వారం తిరక్కుండానే దవడ కింద ఉప్పుగ్రంథి కుట్టేస్తారు. ఇక జీవితాంతం సముద్రం నీళ్ళే తాగుతాం. ఉప్పంతా ముక్కులోంచి చుక్కలుగా కారిపోతుంది. పసిబిడ్డల బాలగ్రంథి ఇంకా పచ్చిగా ఉంటుంది కనుక, కుట్టినదాన్ని కూడా కడుపులోంచి వచ్చినదే అనుకుని ఊరుకుంటుంది. సుక్రి సంగతి వేరు. నా కొడుకు ఎర్రయ్య ఎండుచేపలు అమ్మడానికి కొండల మీదకి వెళ్ళి, పెళ్ళాన్ని వెంటబెట్టుకుని దిగాడు. పెరిగి పెద్దయ్యాక ఉప్పుగ్రంథి పెట్టించుకున్న మొదటి మనిషి మా సుక్రే. ఆమె ఒంట్లోని పాత కాపలా కణాలను ఖాళీ చేసి, ఈ బడిలో చదివినవాటిని ఎక్కించాం. మూడు పున్నములు దాటాయి, పిల్ల హాయిగా సముద్రం తాగుతోంది.

"ఏటత్తా, ఈ ఊరోళ్ళందరికీ పుట్టుకతోనే పడిశం పట్టీసినట్టుంది" అంటుంది, ముక్కు తుడుచుకుంటూ. 

"తుడుచుకో తుడుచుకో. నీ ఒక్కదానికే ముక్కు ఉన్నట్టు" అంటాను నేను. 

చైత్ర శుద్ధ షష్ఠి

సుక్రికి ముక్కు ఎండిపోయింది.

పొద్దున్న చెంబెత్తి సముద్రం తాగి, మళ్ళీ తాగి, మూడోసారి తాగబోతుంటే చెయ్యి పట్టుకున్నాను. పెదాలు చిట్లి ఉన్నాయి. "దాహం తీరట్లేదత్తా" అంది. మాట నాలుకకి అంటుకుపోతోంది. దవడ కింద వేలు పెట్టి చూస్తే గ్రంథి వేడిగా, గట్టిగా ఉంది. రెక్క పట్టుకుని వరహాలమ్మ దగ్గరకి నడిపించాను. ఎర్రయ్య వెనకాల ఏడుస్తూ వచ్చాడు. వాడి వల్ల ఏ కష్టంలోనూ అంతకుమించి సాయం ఉండదు.

డాక్టరు సూదితో గ్రంథిలోంచి కాస్త ముక్క తీసి కణాలు చూసే భూతద్దం కింద పెట్టింది.   

"సూడు సూరీడూ" అని నన్ను పిలిచి పక్కకి జరిగింది. 

చూశాను. గ్రంథి కణాల చుట్టూ టి కణాలు ముసురుకున్నాయి. ఒక్కొక్కటీ గ్రంథి కణాన్ని తాకడం, లోపల కాల్షియం పొంగి మేము కలిపిన రంగుతో తెల్లగా వెలగడం, తాకినదాన్ని చంపి పక్కదాని మీద పడటం. అవి ఎవరో కాదు, నేను చేత్తో గంజి పోసి పెంచిన నా బడి పిల్లలే.

"గ్రంథి పోతే ఇంకోటి పెడతావా?" అని అడిగాను. 

"పెట్టీడానికేటి, పెడతాను. ఈళ్ళు ఒకసారి పగబడితే మర్సిపోరు. రెండోదాన్ని మొదటిదానికంటే బేగి తినీస్తారు" అంది. 

కొండలకి పంపిద్దామంటే దారంతా ఉప్పు కయ్యలే, ఎక్కడా మంచినీటి చుక్క దొరకదు. ఆ ప్రయాణానికి ఈ ఒళ్ళు ఆగదు. పేటలో ఉన్న వాననీళ్ళు గ్రంథి ఇంకా పని మొదలెట్టని చంటిపిల్లల వంతు. వానలు ఆషాఢానికి గాని రావు. గ్రంథి నిలిస్తే సుక్రి బతుకుతుంది, లేకపోతే లేదు. డాక్టరు ఈ మాట నాతో అనలేదు. నేనూ ఎర్రయ్యతో అనలేదు.

చైత్ర శుద్ధ సప్తమి

తప్పు ఎక్కడ జరిగిందో తేల్చుకుందామని పొద్దుటి నుంచీ బడి ముందే కూర్చున్నాను. ఎంత బెంగలో ఉన్నా ఆ భూతద్దంలోకి తొంగి చూస్తే నోరు తెరుచుకుని ఉండిపోతాను, ఏం చెయ్యను.

బడిలో చూపించే కణాలని కొన్ని ఉంటాయి. కంటిపొర కంటిలోనే ఉండాలి కదా, పిత్తం కాలేయం చెయ్యాలి కదా. కానీ ఈ చూపించే కణాలకి ఒంట్లో ఇంకెవరికీ లేని అధికారం ఉంది. కన్ను, కాలేయం, జుట్టు కుదురు, మెదడు, అన్నిటి తునకలూ అవే తయారుచేసి, సంతలో సరుకు పెట్టినట్టు పైన పెట్టుకుని నిలబడతాయి. పిల్ల కణాలు ఒక్కొక్కటే వచ్చి తాకి చూస్తాయి. ఏ తునకకీ అసలు చలనమే లేని పిల్ల రేపు శత్రువునీ గుర్తుపట్టలేదు, తిండి లేక అక్కడే పోతుంది. తాకగానే మిణుగురంత వెలిగి ఆరిపోయిందా, పాసు. భగ్గున వెలిగిందా, సొంత ఒంటినే కరిచే రకం. దాన్ని ఎవరూ చంపరు. ఆ వెలుగే లోపలికి వెళ్ళి దానికి మరణశాసనం చదువుతుంది, అది తనంతట తనే ముడుచుకుని పోతుంది. వచ్చినవాళ్ళలో నూటికి నలుగురు బయటపడితే గొప్ప. ఇంతటి సంహారం ప్రతి పసిబిడ్డ గుండె మీదా జరుగుతూనే ఉంటుంది, పైన బిడ్డ బోసినోటితో నవ్వుతూ ఉంటుంది. ఎన్నేళ్ళు చూసినా నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

అన్నీ సవ్యంగానే ఉన్నాయి. మరి ఉప్పుగ్రంథిని కరిచే రకాలు ఎలా పాసయ్యాయి?

బడిని నడిపే యంత్రాన్ని మేష్టారు అంటాం. నోటితో చెబితే వింటుంది. ఏ పుస్తకాలు చదివించారో గాని మాట మాత్రం మహా పద్ధతిగా ఉంటుంది. 

"మేష్టారూ, ఇప్పటిదాకా ఏమేం చూపించావు?" అని అడిగాను. 

ఏకరువు పెట్టింది. కన్ను, క్లోమం, చర్మం, కండరం. వింటూ కూర్చున్నాను, దాని జాబితా అయిపోయింది. 

"ఉప్పుగ్రంథేది?" 

"చూపలేదండి." 

"చూపలేదా? మొదటిరోజే సెప్పేను కదా!" 

"తమరు సెలవిచ్చిన మాట ఇది: 'మన ఒంట్లో ఉండేవన్నీ ఈ పిల్లలకి చూపించు. మా ఉప్పుగ్రంథి సంగతి కూడా చూసుకో.' మన అంటే వినేవారిని కలుపుకొన్న మాట. మా అంటే వినేవారిని మినహాయించిన మాట. ఇక్కడ సుక్రిగారి కణాల తరఫున వింటున్నది నేను. కాబట్టి ఉప్పుగ్రంథి తమవారిదే గాని సుక్రిగారిది కాదని గ్రహించాను. చూసుకోమన్నారు గనక, చూసుకుని పక్కన పెట్టాను." 

దీని వ్యాకరణం తగలెయ్య! ముందు నవ్వొచ్చింది. తర్వాత నేను రోజూ అనే మాటలు గుర్తుకొచ్చాయి. మా ఇల్లు, మా పడవ, మా పులుసు, మా సముద్రం. తేలుపేటలో ఎవరి నోటైనా అదే మాట వస్తుంది, ఎదురుగా ఉన్నవాడు తేలుపేటవాడు కాకపోతే. సుక్రి ఎదురుగా ఉంటే నా నోట కూడా అదే వస్తుంది. యంత్రానికి చెప్పేటప్పుడు కూడా అదే వచ్చింది. ఒక్క అక్షరం తేడాకి పిల్ల ప్రాణం మీదకి తెచ్చాను. 

చైత్ర శుద్ధ అష్టమి

వరహాలమ్మకి చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, తల పట్టుకుంది. ఆ యంత్రానికి మొదట మాటలు నేర్పినది ఆవిడే. 

"ఇప్పుడు మన అని సెప్పి చూపించీమంటే?" అన్నాను. 

"రేపటి పిల్లలు బుద్ధిగా వస్తారు. ఇప్పటికే బయట తిరుగుతున్న రౌడీలు బుద్ధి తెచ్చుకుంటారేటి?" అంది. కాసేపాగి, "పెద్దమనుషుల్ని తయారుచెయ్యాలి" అంది. 

పెద్దమనుషులంటే తగువు తీర్చే కణాలు. టి కణం ఒకటి దాడికి దిగాలంటే రెండు సంకేతాలు కావాలి. మొదటిది తునక తాకిడి. రెండోది ఆ తునకని చూపిస్తున్న కణం వైపు నుంచి రావాలి, దాన్ని మేము ఊఁ అంటాం. కథ చెప్పేవాడికి ఎదుటివాడు ఊఁ కొట్టకపోతే కథ ఆగిపోతుంది కదా, అలాగే. ఊఁ రాకపోతే ఆ టి కణం మొద్దుబారి కూర్చుంటుంది, మళ్ళీ పిలిచినా లేవదు. పెద్దమనుషులు వెళ్ళి ఆ ఊఁ కొట్టేవాళ్ళ నోళ్ళు మూయిస్తారు. చంపరు, కొట్టరు. 

ఆ పెద్దమనుషులు ఎవరిలోంచి వస్తారో విన్నప్పుడు నేను నమ్మలేదు. సొంతదాన్ని చూసి భగ్గున వెలిగినవాటిలో, చావాల్సినవాటిలో కొన్ని చావవు. వెలుగు మరీ పెద్దదైతే చస్తాయి, చిన్నదైతే మామూలు కాపలాకి పోతాయి. ఆ రెంటికీ నడుమ సన్నటి సందు ఉంది. ఆ సందులో పడినది లోపల నుంచి మారిపోతుంది. అందరికంటే ఎక్కువ కరవగలిగిన రౌడీయే పెద్దమనిషి అవుతాడు. ఊళ్ళలో కూడా అంతేనంటుంది వరహాలమ్మ. 

బడి దగ్గరకి వెళ్ళి మేష్టారుతో ఒక్కొక్క అక్షరం నొక్కి చెప్పాను. "మన ఉప్పుగ్రంథి. నాదీ, సుక్రిదీ, అందులో చదివే పిల్లలదీ. మనది." 

"గ్రహించానండి" అంది. 

చైత్ర శుద్ధ ద్వాదశి

అల్పుడికి దొరికే అదృష్టం కాదు ఇది, నా కళ్ళతో చూశాను.

తునకల మోతాదు తగ్గిస్తూ పెంచుతూ నాలుగు రోజులు మేష్టారూ నేనూ తంటాలు పడ్డాం. ఎక్కువైతే బడి నిండా చావులే. తక్కువైతే అందరూ చల్లగా పాసైపోతున్నారు. ఈ రోజు మధ్యాహ్నం ఒక పిల్ల కణం వచ్చి ఉప్పుగ్రంథి తునకని తాకింది. భగ్గుమంది. పోతుందనుకున్నాను. వెలుగు కాస్త తగ్గి, మళ్ళీ లేచి, అలాగే ఊగుతూ నిలబడింది. ఆ కణం తునకని వదల్లేదు. గంజిలో ఉన్న పోషక సంకేతాన్ని పక్కవాళ్ళకంటే ఆబగా తాగుతోంది. సాయంత్రానికి లోపల పచ్చగా రంగు తేలింది. అది మేము పెట్టిన గుర్తు, పెద్దమనిషి అయిన కణంలో మాత్రమే కనిపిస్తుంది.

చావుకీ కాపలాకీ మధ్య ఉన్నది ఒక్క వెలుగు కొలత. ఎవరూ చెప్పలేదు దానికి, ఎవరూ బెదిరించలేదు. తాకింది, విన్నది, మారింది. భూతద్దం మీద నుంచి లేచి చూస్తే నా చీర కొంగు తడిసి ఉంది. 

"తమరికి అస్వస్థతగా ఉన్నదా?" అని అడిగింది మేష్టారు. 

"నోర్ముయ్. నీకేటి తెలుసు?" అన్నాను. 

చైత్ర శుద్ధ చతుర్దశి

పెద్దమనుషులు సరిపడా తయారయ్యారు. ఎక్కించాలంటే సుక్రి ఊఁ అనాలి. 

చాప మీద పడుకుని ఉంది. చంటిపిల్లల తల్లులు తమ వంతు వాననీళ్ళలోంచి తలా కాస్త తెచ్చి పోస్తున్నారు, వాటితోనే పిల్ల ఇన్నాళ్ళూ నిలబడింది. తడిగుడ్డతో పెదాలు అద్దుతూ ఉన్నదున్నట్టు చెప్పాను. ఈ పెద్దమనుషులంత బాగా నీ గ్రంథిని గుర్తుపట్టేవాళ్ళు ఇంకెవరూ లేరు. ఆ వాపు మంటలోకి వెళ్ళాక వాళ్ళలో మళ్ళీ రౌడీబుద్ధి పుడితే ఒక్క రోజులో మొత్తం తినేస్తారు. పుట్టదనే అనుకుంటున్నాం. ముందు ఎవరికీ చేసి చూడలేదు. 

సుక్రి నా వైపు తిరిగింది. 

"మేష్టారేదో మాట పట్టుకున్నాడంట కదా. ఎర్రయ్య సెప్పేడు" అంది. గొంతు గాలిలా వస్తోంది. 

"ఆఁ. మా అన్నాను. అది వేరేగా విన్నాది." 

"వేరేగా ఏటి నేదత్తా. నానూ అలాగే విన్నాను, వచ్చిన కాడ నుంచీ." 

నా చేతిలో గుడ్డ ఆగిపోయింది.  సిగ్గేసింది. 

సుక్రి నా ముఖం చూసి నవ్వబోయింది, పెదవి చిట్లి ఆగింది. "ఎక్కించీ. మీ రౌడీల్ని నమ్మీడం కాదు. నువ్వు నాలుగు రోజులు ఆ అద్దం ముందర నుంచి లేవనేదంట, నీ కళ్ళు సూస్తే తెలుస్తంది. దాన్ని నమ్మి సెప్తన్నాను" అంది. 

చైత్ర పున్నమి

పెద్ద పోటు. పేట అంతా పైకి లేచి నిలబడినట్టుంది. వరహాలమ్మ సూది వేసింది. సీసాలో ఉన్నది చూస్తే బియ్యం కడిగిన కలి నీళ్ళలా ఉంది, అంతే. ఎర్రయ్య మామూలుగానే ఏడ్చాడు. ఈసారి వాడికి తోడు నేను కూడా ఏడ్చాను.

చైత్ర బహుళ పాడ్యమి

గ్రంథి ఇంకా వాచింది. సుక్రికి జ్వరం. పేరుపెట్టి పిలిస్తే కళ్ళు మాత్రం తెరుస్తోంది.  నేను బడికి గంజి పోశాను, పాకుడు గీకాను. చేతులకి పని ఉంటే మంచిదని తప్ప ఎందుకు చేశానో తెలియదు. ఏ దేవుడికి మొక్కాలో కూడా తోచలేదు. మా గంగమ్మకి మొక్కుదామంటే, ఆవిడ కొండపిల్ల మొర వింటుందో లేదో. జాకరమ్మ కొండల దేవత కదా అని ఆవిడకీ మొక్కాను, ఇద్దరూ మాట్లాడుకుంటారులే అని. 

చైత్ర బహుళ తదియ

వరహాలమ్మ మళ్ళీ సూదితో ముక్క తీసింది. "నువ్వే సూడు ముందు. నాకు ధైర్యం సాలట్లేదు" అంది. ఆవిడ అలా అనడం నేను ఎరగను.

చూశాను. రౌడీలు ఉన్నారు, ఎక్కడికీ పోలేదు. వాళ్ళ మధ్యలో పచ్చగా మన పెద్దమనుషులు. చూపించే కణం ఒకటి గ్రంథి తునకని చేత పట్టుకుని నిలబడి ఉంది, దాన్ని ఒక పెద్దమనిషి కరుచుకుని ఉన్నాడు. చూస్తుండగానే దాని ఒంటి మీద ఉన్న ఊఁ కొట్టే కొనలను ఒక్కొక్కటీ లాగి తనలోకి మింగేసుకుంటున్నాడు. కళ్ళం దగ్గర కంకులు దులిపినట్టు శుభ్రంగా దులిపేశాడు. అప్పుడు ఒక రౌడీ వచ్చి తునకని తాకాడు. వెలిగాడు. ఊఁ కోసం ఆగాడు. రాలేదు. మళ్ళీ తాకాడు. రాలేదు. వెలుగు సన్నబడి, సన్నబడి, మొద్దుబారి అలాగే ఉండిపోయాడు. పక్కన గ్రంథి కణం చెక్కుచెదరకుండా తన ఉప్పు తను తోడుకుంటోంది. 

ఒక చోట కాదు, చూసినంత మేరా అదే. ఇంత గొడవ ఒక్క చావు లేకుండా సద్దుమణుగుతోంది. ఈ ఏర్పాటు మనం చెయ్యలేదు, మనకి చేతకాదు కూడా. మనిషి పుట్టకముందు నుంచీ, చేపల్లో కూడా, ఎవరి ఒంట్లో వాళ్ళకి తెలియకుండా ఇది జరుగుతూనే ఉంది. మేము చేసింది ఒక్క అక్షరం చెడగొట్టి, మళ్ళీ దిద్దడం. 

వరహాలమ్మని అద్దం దగ్గరకి లాగాను. చూసి, "ఒలమ్మో" అంది.  

చైత్ర బహుళ అష్టమి

జ్వరం దిగింది. వాపు తీసింది. మధ్యాహ్నం సుక్రి ముక్కు చివర చుక్క వేలాడింది. డాక్టరు దాన్ని వేలితో తీసి నాలుక మీద రాసుకుని, ఉప్పు కషాయంలా ఉందని ప్రకటించింది. సాయంత్రం పిల్ల చెంబుడు సముద్రం తాగి, దాహం తీరిందని చెప్పి, గోడ వైపు తిరిగి పడుకుంది. తల్లులందరి ఇళ్ళకీ వెళ్ళి ఇక వాననీళ్ళు అక్కర్లేదని చెప్పి వచ్చాను. 

చైత్ర బహుళ ద్వాదశి

బడి పని ముగించుకుని ఇంటికి వస్తుంటే వంతెన మీదకే కేకలు వినిపించాయి. సుక్రి గొంతు. నోట్లో తడి లేక గుసగుసలాడిన పిల్ల, ఇంటి ముందు నడుం మీద చెయ్యేసుకుని నిలబడి పేటంతా వినేలా అరుస్తోంది. చేతిలో మట్టికుండీ, అందులో మాడిపోయిన అల్లం మొక్క. కొండల నుంచి తెచ్చుకున్నదట. నాకేం తెలుసు? పిల్ల మంచాన పడి ఉంది కదా, మొక్క ఎండిపోతుందేమోనని నేనే రోజూ చెంబుడు నీళ్ళు పోశాను. ఏ నీళ్ళు తాగుతామో ఆ నీళ్ళే పోశాను. 

"అల్లం మొక్కకి సముద్రం పోసీసేవా! దానికేటి గ్రంథుందా? దాని దవడ కింద కుట్టేవా? మా అమ్మ ఇచ్చిన దుంప! ఒంట్లో కణాల్ని సూస్తావు, కళ్ళెదుట మొక్క కానరాదేటి నీకు?" 

ఇరుగుపొరుగు వచ్చి చోద్యం చూస్తున్నారు. ఎర్రయ్య తలుపు చాటున ఉన్నాడు. నేను మెట్టు మీద కూర్చున్నాను. ఎంత గట్టి గొంతు! ఎంత తడి ఉంది ఆ గొంతులో! ముక్కు కారుతోంది, తుడుచుకోవడం కూడా మరిచిపోయి తిడుతోంది. నాకు కన్నీళ్ళు ఆగడం లేదు. 

ఉన్నట్టుండి ఆగింది. "ఏటత్తా, తిరిగి ఒక్క మాటా అనవేటి? నానొక్కద్దాన్నే అరిస్తే గొడవెలాగవుద్ది?" 

"పొయ్యి మీద మన పులుసు మాడుతంది, సూడవే ముందు" అన్నాను. 

కుండీ నా ఒళ్ళో పడేసి లోపలికి పరిగెత్తింది. అక్కడి నుంచి మళ్ళీ మొదలెట్టింది.